పెదవి తగలని పిట్టలు

4, మంగళవారం

సెలవు పెట్టాను. ఎందుకని అడిగితే పక్షుల ఫోటోలు తీసుకోవడానికని చెప్పమన్నాను. చెప్పమన్నాను అంటే, కాగితం మీద రాసి మా ఆవిడకు చూపించాను. ఆమె ఫోన్‌లో మేనేజరుతో అలాగే చెప్పింది. చెబుతున్నంతసేపూ గోడవైపు తిరిగి ఉంది.

అసలు సంగతి ఇక్కడ రాసుకోవచ్చు. ఆదివారం పొద్దున పుక్కిలిస్తుంటే నీళ్ళు ఎడమ మూల నుంచి కారిపోయాయి. అద్దంలో చూస్తే మీసం ఒకవైపు కిందికి దిగి ఉంది. తప్పు మీసానిది కాదు. దాని కింద ఉన్న సగం ముఖం జారింది. పక్షవాతమేమోనని ఆటోలో పరుగెత్తాం. డాక్టరమ్మ కాదంది. ముఖానికి వెళ్ళే నరం ఒకటి వాచిందట. మందులిచ్చి, కొందరికి మూడు వారాల్లో తగ్గుతుంది, కొందరికి మూడు నెలలు పడుతుంది అంది. మిగతా కొందరి సంగతి ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

ఎడమ కన్ను మూతపడదు. చుక్కలు వేసి ప్లాస్టర్ అంటించాలి. అదీ ఫరవాలేదు. అన్నం ఒకవైపే నమలాలి. అదీ ఫరవాలేదు. కానీ నేను బస్‌స్టేషన్‌లో అనౌన్సర్‌ని. ప ఫ బ భ మ. రెండు పెదవులూ కలిస్తేనే పలికే అక్షరాలు. ఆ వరుస మొత్తం నాతోపాటు సెలవులో ఉంది. "ప్రయాణికులకు విజ్ఞప్తి" అందామంటే "హ్రయాణికులకు విజ్ఞహ్తి" అని వస్తోంది. నా ప స్టేషన్‌లో పేరున్న ప. ప్లాట్‌ఫారం అని నేనన్నానంటే కొత్త సీసా మూత తీసినట్టు ఉండేది.

ఇది తెలిస్తే మైకు దగ్గర ఒక్క రోజు ఉంచరు. అందుకే పక్షులు.

5, బుధవారం

బావమరిది కెమెరా ఇచ్చి వెళ్ళాడు. వాడికి ఫోటో స్టూడియో ఉంది. అబద్ధమాడాక దానికి తగ్గ సరంజామా ఉండాలని మా ఆవిడే అడిగి తెప్పించింది. ఆమె మందుల షాపులో పనిచేస్తుంది, ఏదైనా పద్ధతి ప్రకారం జరగాలంటుంది.

బావమరిదికి ముఖం సంగతి తెలుసు. మాట సంగతి తెలియదు.

"కన్ను మీద ఫోకస్ పెట్టు బావా. కన్ను తేలిందంటే మిగతాది ఎలా ఉన్నా నడిచిపోతుంది."

"సరే."

"ముక్కు మీద కాదు. అందరూ అక్కడే పప్పులో కాలేస్తారు."

"సరే."

"ఒక కన్ను మూసుకొని ఇంకో కంటితో చూడాలి."

ఆ పని ప్లాస్టర్ ముందే చేసిపెట్టింది. తల ఊపాను.

7, శుక్రవారం

కాకి తోక.

8, శనివారం

వంటింటి కిటికీ వెనక స్టూలు వేసుకొని కూర్చుంటున్నాను. కిటికీకి పాత దుప్పటి కట్టి, కెమెరా మూతి పట్టేంత కన్నం పెట్టాను. పెరట్లో నీళ్ళ పళ్ళెం, బట్టల తీగ, గోడమీద పాకిన తీగ చెట్టు, పాడైపోయిన వాషింగ్ మెషీను ఉన్నాయి. పిచ్చుకలకు వాషింగ్ మెషీనంటే ఇష్టం. పావురాలు నీళ్ళ పళ్ళెంలోకి దిగి నిలబడతాయి, తాగవు, పక్కవాళ్ళను తాగనివ్వవు. కాకి వస్తుంది, దుప్పటి కన్నంలోకి చూస్తుంది, వెళ్ళిపోతుంది. దానికి అంతా తెలుసు.

ఫోటో తీయడం తేలికే. పిట్ట అక్కడ ఉండడమే కష్టం. బొత్తాం నొక్కాక చూస్తే కొమ్మ చాలా బాగా వస్తోంది.

సాయంత్రం బావమరిది ఫోన్ చేశాడు.

"ఏం తీశావ్ బావా?"

"కాకి."

"నిన్న?"

"కాకి."

"మొన్న?"

"చిలక."

చిలక రాలేదు. నిన్నటి నుంచి పిచ్చుకలు పాతిక దాకా తీశాను, రెండు బాగా కుదిరాయి, ఒకదాని కన్ను కూడా తేలింది. కానీ పిచ్చుక అని చెప్పాలంటే ప కావాలి. పావురానికీ ప కావాలి. అసలు పిట్టకే ప కావాలి. నోటితో చెప్పగలిగినవి కాకి, చిలక, గోరింక, గద్ద. గోరింకలో సున్న ఉన్నా క ముందు ఉంది కాబట్టి మ లా పలకదు, హాని చేయదు. వచ్చే వారం గద్దను తీశానని చెప్పాలి.

11, మంగళవారం

కాలేజీలో తెలుగు మేష్టారు ఒకసారి నిరోష్ఠ్యం గురించి చెప్పారు. పెదవులు తగలకుండా పద్యాలకు పద్యాలు రాసేవాళ్ళట పూర్వ కవులు. ఎంత గొప్ప విద్యో అని ఆయన మురిసిపోతుంటే నేను వెనక బెంచీలో నిద్రపోయాను. ఇప్పుడు ఇంట్లో పొద్దుటి నుంచి రాత్రి దాకా నేను చేస్తున్నది అదే. ఎవరూ మురిసిపోవడం లేదు.

అన్నం అడగలేను. చివర సున్న ఉంది, అది వేషం వేసుకున్న మ. ఆకలి అంటాను. మంచినీళ్ళు అనలేను. దాహంలోనూ సున్నే. గ్లాసు చూపిస్తాను. ఉప్పు తక్కువైతే తినేస్తాను. కాఫీ మానేసి టీకి మారాను. రాతలో మాత్రం అన్నీ వస్తాయి. పప్పు. మామ్మ. బొబ్బట్ల బాబయ్య భోజనం పంపమన్నాడు. అలాంటివాడెవడూ లేడు, రాసి చూశానంతే.

12, బుధవారం

గోరింక. నిజంగానే వచ్చింది. ముక్కు తేలింది, కన్ను మసక.

రాత్రి మా ఆవిడ కంట్లో చుక్కలు వేస్తూ అడిగింది.

"ఏవండీ, నామీద ఏమైనా కోపమా?"

"లేదు."

"మరి ఇదిగో, ఇదిగో అని పిలుస్తున్నారేంటి? పెళ్ళైనప్పటి నుంచీ బుజ్జీ అనే కదా పిలిచేది. ఇప్పుడేమో గేటు దగ్గర కూరగాయలమ్మిని కేకేసినట్టు ఇదిగో అంటున్నారు. నేనేం చేశాను?"

చుక్కల సీసా అలాగే పట్టుకొని ఉంది. కోపం వస్తే మూతి ముడుచుకుంటుంది, ఇప్పుడలా కూడా లేదు. ఇన్ని రోజులుగా ఆ మాట మనసులో పెట్టుకొని నాకు మందులు వేస్తోందని అప్పుడు తెలిసింది. తప్పు నాదే. సున్నలు లెక్కపెట్టుకుంటూ ఈమె ముఖం చూడలేదు.

"రాదు," అన్నాను.

"ఏం రాదు?"

చెప్పకుండా చూపిస్తేనే నయమనిపించింది. లేచి కూర్చొని పిలిచాను. "వుజ్జీ" అని వచ్చింది.

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. సీసా మూత పెట్టింది.

"దానికా ఇంత? వుజ్జీ అనే పిలవండి. పిలవడమంటూ ఉండాలి కదా."

ఎడమ కన్ను ఎటూ కారుతూనే ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. కుడి కన్ను కూడా కారింది. చుక్కలు అటు పడ్డాయన్నాను, నిజంగా పడ్డాయేమో కూడా.

14, శుక్రవారం

మేనేజరు ఫోన్ చేశాడు. మా ఆవిడ స్పీకరులో పెట్టింది.

"ఇదిగో చూడు, నీ సెలవు ఇరవై మూడుతో సరి. ఇంక ఒక్క రోజు కూడా పెంచలేను. పైవాళ్ళు నన్ను నంజుకు తింటున్నారు. టికెట్ కౌంటర్లో ఆమెను తీసుకొచ్చి మైకు దగ్గర కూర్చోబెట్టాను, ఇక్కడ కౌంటర్లో క్యూ గేటు దాటింది. ఇరవై నాలుగున వచ్చి మైకు పట్టుకుంటావా సరే. రాలేదంటే ఆమెకే ఇచ్చేస్తాను. నిన్ను పోయిన సామాన్ల గదికి పంపిస్తాను."

మా ఆవిడ ఫోన్ నా దగ్గరికి జరిపింది.

"పిట్టలు కావాలో మైకు కావాలో తేల్చుకో."

"సరే," అన్నాను.

"ఏంటి సరే? ఏది సరే?"

మా ఆవిడ ఫోన్ తీసుకొని సిగ్నల్ లేదంది.

పోయిన సామాన్ల గది మంచిదే. స్టేషన్ వెనకవైపు ఉంటుంది. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. గొడుగులుంటాయి. సంతకం పెట్టించుకొని గొడుగు ఇచ్చేయడమే. చల్లగా కూడా ఉంటుంది. ఆలోచిస్తే అదే నయం. మనిషికి ప్రశాంతత ముఖ్యం.

15, శనివారం

నాకు గొడుగులు వద్దు. నాకు మైకు కావాలి. ఆ గదిలో కూర్చుంటే చచ్చిపోతాను. భయంగా ఉంది.

16, ఆదివారం

తీగ చెట్టులో గూడు ఉంది. ఇన్నాళ్ళూ కాకి వెనక పడి చూడలేదు. పిగిలిపిట్టలు. నెత్తిన నల్లని కుచ్చు, తోక కింద ఎర్రటి మచ్చ. గిన్నె లాంటి గూట్లో మూడు పిల్లలున్నాయి. తల్లి రాగానే మూడు తలలూ లేచి నోళ్ళు తెరుస్తాయి. ముఖం కనబడదు, ఒళ్ళు కనబడదు, నోరే ఉంటుంది. ఆ నోళ్ళు ఎంత బాగా తెరుచుకుంటాయో. రెండు వైపులా సమానంగా.

బావమరిదికి ఫోటో పంపాను. వెంటనే ఫోన్.

"బావా, అదిరింది! కన్ను చూడు ఎలా తేలిందో. దగ్గరికి మాత్రం వెళ్ళకు, గూడు వదిలేస్తాయి. ఇంతకీ ఏం పిట్టది?"

పి, పి. ఒకే పేరులో రెండు.

"కాకి," అన్నాను.

ఫోటో ఇంకోసారి చూస్తానని పెట్టేశాడు.

18, మంగళవారం

ఆసుపత్రిలో ముఖానికి వ్యాయామాలు నేర్పే అమ్మాయి రోజూ అద్దం ముందు కూర్చొని ప ప ప అనమంది. బుగ్గలు పూరించి గాలి పట్టమంది. ఈల వేయమంది. అద్దం ముందు నేను కూర్చోను. ఆ అద్దంలో ఉన్నవాడు నాకు నచ్చడం లేదు. దుప్పటి వెనక కూర్చొని, కెమెరా గూటివైపు పెట్టుకొని, అక్కడే చేస్తున్నాను. పిట్టలకు నా ప ఎలా ఉన్నా ఒకటే. మొదట్లో తల్లి ఒకసారి తల తిప్పి చూసిందంతే, పని మానలేదు.

ఒక కిటుకు దొరికింది. ఎడమ మూల పెదవిని వేలితో పైకి నొక్కి పట్టుకుంటే ప కొంచెం నిలుస్తోంది. వదిలేస్తే హ. కాబట్టి ఎడమ చెయ్యి నోటి మీద, కుడి చెయ్యి కెమెరా మీద. ఒంటిచేత్తో కెమెరా బరువుగా ఉంది, బొటనవేలు ఏవేవో చక్రాలు తిప్పేస్తోంది. ఐనా ఫోటోలు పడుతున్నాయి.

ఆరున్నర బస్సు నుంచి మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా ఉన్న బస్సులన్నీ చెప్పాను.

20, గురువారం

తల్లి పురుగు తెచ్చి పిల్ల నోట్లో పెడుతున్న ఫోటో చాలా బాగా వచ్చింది. స్టేషన్ గ్రూపులో పెట్టాను. సెలవు ఉత్తినే పెట్టలేదని వాళ్ళకూ తెలియాలి కదా. ఫోటో మధ్యలో చిన్న త్రికోణం గుర్తు పడింది. కెమెరా కంపెనీ గుర్తు అయి ఉంటుంది.

అదే రోజు, సాయంత్రం

కంపెనీ గుర్తు కాదు. వీడియో.

మా ఆవిడ షాపు నుంచి వచ్చి ఫోన్ చూసింది. త్రికోణం మీద నొక్కింది. పిట్ట పురుగుతో వచ్చింది. వెనకనుంచి నా గొంతు. "హ్రయాణికులకు విజ్ఞహ్తి. హ్లాట్‌హారం వూడు వీద..." మొత్తం ఉంది. వేలు తీసేసి మళ్ళీ మొదలుపెట్టిన చోట్లు కూడా ఉన్నాయి. డ్రైవర్లు, కండక్టర్లు, కౌంటర్లు, మేనేజరు, టీ స్టాలాయన, అందరూ ఉన్న గ్రూపు అది.

"తీసేయండి," అంది మా ఆవిడ.

అప్పటికే అందరూ చూశారు. కింద జవాబులు వచ్చాయి. చదవనన్నాను. ఆమె చదివింది, మళ్ళీ చదివింది, ముఖం చిట్లించింది.

"మీరే చూడండి. నాకేం అర్థం కావడం లేదు."

అన్నీ నవ్వు బొమ్మలు. హారన్ అని మేం పిలిచే డ్రైవరు రాశాడు: "గురూ, అచ్చం మన మైకే! పొట్ట చెక్కలయింది." కౌంటరామె రాసింది: "సార్, మీకు మిమిక్రీ కూడా వచ్చా? ఆ గరగర ఒక్కటే తక్కువ." మేనేజరు: "పిట్ట బాగుంది. 24న రా."

మిమిక్రీ ఏమిటి? ఏ మైకు?

21, శుక్రవారం

నిద్ర లేదు. వాళ్ళంతా కూడబలుక్కొని జాలిపడుతున్నారని అనుకున్నాను. కానీ ఆ స్టేషన్‌లో నలుగురు కూడబలుక్కొని టీ డబ్బులు కూడా ఇవ్వలేరు.

నేను అనౌన్సర్‌గా చేరినప్పటి నుంచీ అద్దాల గదిలో తలుపు వేసుకొని చెప్పాను. నా గొంతు నాకు లోపల వినబడేది. అది బయట స్పీకర్లోంచి ఎలా వస్తుందో నేనెప్పుడూ వినలేదు. నేను బయట ఉన్నప్పుడు మైకులో ఎవరూ ఉండరు కదా.

22, శనివారం

వెళ్ళాను. ముఖానికి చేతిరుమాలు కట్టుకొని, టోపీ పెట్టుకొని, మూడో ప్లాట్‌ఫారం ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాను. అద్దాల గదిలో కౌంటరామె ఉంది. ఆమె పెదవులు రెండూ నిక్షేపంగా ఉన్నాయి, దూరం నుంచైనా తెలుస్తోంది. మైకు దగ్గరికి వంగింది. నా తల మీద ఉన్న స్పీకరు గరగరమంది.

"హ్ర... కులకు... హ్తి. ...హారం వూ... వీద... స్సు..."

నేను ఎడమ పెదవి మూల వేలు పెట్టి చూసుకున్నాను. మాట్లాడింది నేను కాదు.

పక్కన ఒక ముసలామె, కాళ్ళ దగ్గర రెండు సంచులు. నా మోచెయ్యి తట్టింది.

"ఏమంటోంది నాయనా అది?"

నేనటూ ఇటూ చూశాను. ఇంకెవరూ లేరు. ఆమె నా నోటివైపే చూస్తోంది. కళ్ళు సరిగా ఆనవేమో, చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని ముందుకు వంగింది. ఏ ఊరికని అడిగితే చెప్పింది. ఆమె బస్సు అదే, ఇంకో నిమిషంలో కదిలిపోతుంది. వేళ్ళతో మూడు చూపించవచ్చు. ఆ ఆలోచన తర్వాత వచ్చింది. అప్పటికే రుమాలు కిందికి లాగేశాను.

"హ్లాట్‌హారం వూడు. వీ వస్సు వయలుదేరుతోంది."

"మూడా? అయ్యో, ఇదిగో ఎదురుగానే ఉందే!" సంచి ఎత్తుకుంది. "చూడు, నువ్వు ఎంత చక్కగా చెప్పావో. ఆ డబ్బాలో వాళ్ళకేం రోగం? ఈమె కొంచెం నయం. ఇంతకు ముందు ఒకాయన ఉండేవాడు, ఏళ్ళ తరబడి వింటున్నా, మాట్లాడుతున్నాడో దగ్గుతున్నాడో ఒక్క నాడు తెలిసింది కాదు. ఎవరినో ఒకరిని అడిగి ఎక్కడమే."

రెండో సంచి నేను పట్టుకున్నాను. మెట్టు ఎక్కి నన్ను పరీక్షగా చూసింది.

"నోటికేమైంది?"

"నరం వాచింది."

"మా మరిదికీ వచ్చింది. తగ్గిపోయిందిలే," అంది. బస్సు కదిలింది.

చాలాసేపు అక్కడే కూర్చున్నాను. సీసా మూత తీసినట్టుండే నా ప. అది ఇన్నేళ్ళూ నా గదిలోనే ఉంది, తలుపు దాటలేదు. ఏడుపు వచ్చింది, నవ్వు కూడా వచ్చింది. సగం ముఖంతో రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు.

23, ఆదివారం

పిగిలిపిట్ట పిల్లలు నిన్న నేను స్టేషన్‌లో ఉన్నప్పుడు ఎగిరిపోయాయట. మా ఆవిడ చూసింది. ఒక్కొక్కటీ బట్టల తీగ దాకా వచ్చి, నా బనీను పక్కన కూర్చొని, తర్వాత గోడ దాటాయంది. ఫోటో తీశావా అని అడిగాను. తీసిందట. బనీను చాలా బాగా వచ్చింది.

బావమరిదికి నేనే ఫోన్ చేసి పిగిలిపిట్ట అని చెప్పాను. రెండు ప్రయత్నాలు పట్టింది. "కాకి కాదా?" అన్నాడు, ఎంతో ఊరటగా.

24, సోమవారం

మేనేజరుకు ముఖం చూపించాను. ఇన్నాళ్ళూ దాచిందంతా చెప్పాను. ఎంత అర్థమైందో తెలియదు. ఆయన నా మీసం వంక చూసి, కుర్చీ చూపించి, నీళ్ళు తెప్పించి, "మరి ఆ పిట్ట?" అని అడిగాడు. పిట్ట నిజమేనన్నాను. "నీ గొంతు తేడా అక్కడ ఎవడికి తెలుస్తుంది, వెళ్ళు," అన్నాడు. దయగానే అన్నాడు.

గదిలో కూర్చున్నాను. తలుపు వేసుకున్నాను. పదిన్నర బస్సు చెప్పాను. లోపల చక్కగా హ్లాట్‌హారం అని వినబడింది. చెప్పాక మామూలుగా ఐతే తర్వాతి బస్సు కాగితం తీసుకుంటాను. ఈసారి అద్దంలోంచి బయటికి చూశాను. బెంచీ మీద ఒకాయన పక్కాయన్ని అడుగుతున్నాడు. పక్కాయన భుజాలెగరేసి తన పక్కాయన్ని అడిగాడు. ఒకావిడ పిల్లను చంకనేసుకొని ఒక బస్సు దగ్గరికి పరిగెత్తి, బోర్డు చూసి, మళ్ళీ వెనక్కి వచ్చి స్పీకరు వంక తలెత్తి నిలబడింది. నేను రోజూ ఈ కుర్చీలోనే కూర్చున్నాను. అద్దం రోజూ ఇక్కడే ఉంది.

మైకు కట్టేశాను. తలుపు తీసుకొని బయటికి వెళ్ళాను. నేను నడుస్తుంటే కొందరు నా ముఖం చూసి తలలు తిప్పుకున్నారు. బెంచీల మధ్య నిలబడి, పెదవి మూల వేలు పెట్టుకొని, ప్రయాణికులకు విజ్ఞప్తి అని మొదలుపెట్టి మొత్తం చెప్పాను. పిల్లనెత్తుకున్నావిడ ఇంకోసారి చెప్పమంది. ఇంకోసారి చెప్పాను. ఆమె సరేనని తలూపి మూడో దానివైపు నడిచింది.